కుట్టుకు వదిలిన మేర

కళ్ళద్దాల దుకాణం, వెనక గది
వానలు మొదలైన వారం

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేము క్షేమం. అక్కయ్యగారు, అల్లుడుగారు, మా అమ్మాయి, మీరు క్షేమమని తలుస్తాను.

మనం వియ్యమందిన తరువాత మీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. మొదటి ఉత్తరంలోనే వియ్యంకుడికి పని అప్పగించడం మర్యాద కాదని మా ఆవిడ అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని గౌరవిస్తూనే పని అప్పగిస్తున్నాను.

పెళ్ళి ముగిసిన సాయంత్రం కుర్చీలు ఎత్తేస్తుంటే నేను ఒక మూల కూర్చుని కవరు వెనక ఒక వంపు గీస్తున్నాను. మీరు వెనక నిలబడి చూసి, "చంక వంపు బాగానే వేశారు గాని బావగారూ, ఈ చొక్కా ఏ మనిషికీ పట్టదే" అన్నారు. అది బొమ్మ విమానం రెక్కను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారమని చెప్పాను. మీరు నవ్వలేదు. ఆ మాట విని నవ్వనివారు ఇంతవరకు ఇద్దరే. ఒకరు మీరు. రెండవవారు మా ఆవిడ. ఆవిడ నవ్వకపోవడానికి కారణం వేరు.

నేను తయారు భాగాలు కొని అతికించే రకం కాదు. గీత దగ్గరనుంచి నేనే మొదలుపెడతాను. ఇప్పుడు ఒక రెక్క గీయడం పూర్తయింది. దానికి కావలసిన పక్కటెముకలు కోయడమే మిగిలింది. రోజంతా తిరిగే రాయి మీద అద్దాల అంచులు అరగదీసే చెయ్యి నాది. బ్లేడు పట్టినా అదే ఒత్తిడి పెడుతుంది. తేలిక చెక్క ఆ ఒత్తిడికి చితికిపోతుంది. ఇన్నేళ్ళు దర్జీగా గుడ్డ కోసిన మీ చేతికి ఆ దోషం ఉండదని నా నమ్మకం.

ఇందుతో పంపుతున్నవి:

1. పక్కటెముకల చిత్రాలు, అసలు పరిమాణంలో. మొదటిది పెద్దది, చివరికి పోనుపోను చిన్నవి. ప్రతిదానికీ రెండేసి కావాలి, కుడి రెక్కకు ఒకటి, ఎడమ రెక్కకు ఒకటి.
2. పలుచని తేలిక చెక్క పలకలు. వీటిని పిల్లిపిల్లను ఎత్తినట్టు ఎత్తాలి.
3. కొత్త బ్లేడ్లు.

చిత్రాలు ఫోనులో పంపవచ్చు గదా అని అల్లుడుగారు అన్నారట. ఫోనులో పంపిన బొమ్మ తెరకు తగినట్టు సాగుతుంది, ముడుచుకుంటుంది. గీత గీతగా చేరాలంటే టపాయే దారి.

ఈమధ్య మీరు పని తగ్గించుకున్నారని అమ్మాయి అన్నది. తీరిక ఉంటేనే సుమా. తొందర లేదు.

భవదీయుడు,
మీ బావ


ఇల్లు, కిటికీ పక్క కుర్చీ

బావగారూ, నమస్కారం.

మీ పార్సెల్ వచ్చింది. మా ఆవిడ దాన్ని చేత్తో తూచి, "ఇంత పెద్దది ఇంత తేలిగ్గా ఉందేంటండీ, మీ బావగారు ఖాళీ పెట్టె పంపి మన మర్యాద పరీక్షిస్తున్నారేమో" అంది. విప్పి చూస్తే చెక్క. ఊదితే ఎగిరిపోయేలా ఉంది. విమానం చెయ్యడం దేనికి, ఈ చెక్కనే వదిలేస్తే సరిపోదూ?

అమ్మాయి ఏం చెప్పిందో నాకు తెలీదు గాని, "పని తగ్గించుకోవడం" అన్నది పెద్దమనిషి మాట. ఉన్న మాట నేను చెప్తాను వినండి. పోయినేడు ఒక కోటు వీపు ముక్క దగ్గర నా చెయ్యి తప్పింది. అప్పట్నుంచి దుకాణంలో మీ అల్లుడు, సొరుగులో కత్తెర, ఈ కుర్చీలో నేను. ఎవరి చోట్లో వాళ్ళం ఉన్నాం. దారిన పోయేవాళ్ళ భుజాలు చూసి కొలత చెప్పుకుంటూ పొద్దు పుచ్చుతున్నాను. ఎదురింటాయనకి ఎడమ భుజం కిందికుంది. ఎవడో పనికిమాలినవాడు కుట్టాడు ఆయన చొక్కా. మా వాడే అనుకుంటా.

మీ చిత్రాలు బల్లమీద పరిచాను. చాలాసేపు చూశాను. మంచి చెయ్యి మీది. గీత ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. సరే, కోస్తాను. తప్పితే నన్ననొద్దు, నన్ను నమ్మిన మిమ్మల్ని అనుకోండి.

కొన్ని అనుమానాలు. దీనికి వీపు ఏది, కడుపు ఏది? పోనుపోను చిన్నవెందుకయ్యాయి, గుడ్డ చాలకనా? పక్కటెముకలు అన్నారు, మరి వెన్నెముక ఏదీ? అన్నిటికన్నా ముఖ్యం, ఈ వంపు ఇలాగే ఉండాలని ఎవరు చెప్పారు? చొక్కా అయితే వేసుకునేవాడు చెప్తాడు, ఇక్కడ పడుతోందని. దీన్ని వేసుకునేది ఎవరు?

మా ఆవిడకి ఇవన్నీ చదివి వినిపిస్తే, "ఇన్నాళ్ళూ మనుషులకి కుట్టారు, ఇక గాలికి కుడతారన్నమాట" అని వెళ్ళిపోయింది. వెళ్ళేది వెళ్ళక కత్తెరకి నూనె రాసి బల్లమీద పెట్టి మరీ వెళ్ళింది.

మీ బావ


మేడ మీద గది

గౌరవనీయులైన బావగారికి,

అక్కయ్యగారు చెప్పినదే నిజం. దీన్ని వేసుకునేది గాలి. అంతకంటే మంచి సమాధానం నా దగ్గర లేదు. తక్కినవాటికి వరుసగా:

వీపు పైన, కడుపు కింద. వీపు ఉబ్బెత్తుగా ఉంటుంది, కడుపు దాదాపు చదునుగా ఉంటుంది. నేను ఇన్నాళ్ళూ "ఎగువ వక్రం, దిగువ వక్రం" అని రాసుకుంటూ వచ్చాను. ఇకమీదట మీ మాటలే వాడుకుంటాను.

చిన్నవి కావడానికి గుడ్డ కారణం కాదు. రెక్క మొదట్లో వెడల్పు, కొసన సన్నం. భుజం దగ్గర వదులుగా మొదలై మణికట్టుకు బిగిసే చొక్కా చెయ్యి వంటిదనుకోండి.

వెన్నెముక ఉంది. ప్రతి పక్కటెముకకూ వీపున ఒకటి, కడుపున ఒకటి చిన్న గాట్లు గీశాను, చూడండి. పొడవాటి సన్న బద్దలు రెండు ఆ గాట్లలో పడుకుని అన్నిటినీ కలిపి పట్టుకుంటాయి.

ఇక వంపు ఎవరు చెప్పారన్నది. నాకు గురువు లేడు. ఎన్నో ఏళ్ళ కిందట దుకాణానికి వచ్చిన అద్దాల చుట్టూ ఒక పాత పత్రిక కాగితం చుట్టి ఉంది. అందులో ఒక అంకెల పట్టిక. అద్దాల వంపు పట్టికేమోనని దాచుకున్నాను. తరువాత తెలిసింది, అది రెక్కది. అడ్డంగా ఒక గీత గీయాలి. దాన్ని నూరు భాగాలనుకోవాలి. ఫలానా భాగం దగ్గర పైకి ఇంత, కిందికి ఇంత అని చుక్కలు పెట్టాలి. ముందువైపు చుక్కలు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఎందుకంటే వంపు అక్కడే చటుక్కున తిరుగుతుంది. చుక్కల దగ్గర గుండుసూదులు గుచ్చి, వాటిని ఆనుకునేలా ఒక వెదురు పుల్లను వంచి, పుల్ల వెంట పెన్సిలు నడపాలి. పుల్ల ఎప్పుడూ అబద్ధం చెప్పదు. ఒక చుక్క తప్పు పడితే అక్కడ పుల్ల మొండికేస్తుంది.

అలా ఇతరుల పట్టికలు గీసి గీసి, చివరికి ఒకటి నాది గీసుకున్నాను. మీ దగ్గర ఉన్నది అదే. ముందుకొసన ముక్కు గుండ్రంగా రావడం కోసమే ఒక రబ్బరు అరిగిపోయింది. ఆ గీత నిజంగా గాలిలో నిలుస్తుందా లేదా అన్నదొక్కటే నాకు ఇప్పుడు తెలియవలసినది.

ఊరి చివర గిడ్డంగుల అవతల ఒక మైదానం ఉంది. సెలవురోజు పొద్దున అక్కడ నలుగురం చేరతాం. విమానం చేసేది నేనైనా రేడియోపెట్టె పట్టుకుని నడిపేది మా మిత్రుడు. అతణ్ణి అందరమూ గద్ద అంటాం. వానలు తగ్గాక మొదటిసారి వదులుతాం. మీరు, అక్కయ్యగారు తప్పక రావాలి.

భవదీయుడు,
మీ బావ


ఇల్లు, భోజనాల బల్ల (నాకు అప్పగించేశారు)

బావగారూ,

అయిపోయాయి. అట్టపెట్టెలో పాత కోటు అస్తరు పరిచి పంపుతున్నాను. నలగవు.

ఎలా కోశానో చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. ముందు మీ కాగితాలు గీత మీద కత్తిరించి నమూనాలు చేసుకున్నాను. వాటిని చెక్క మీద పెట్టి చుట్టూ సుద్దతో గీసుకున్నాను. సుద్ద నాదే, ఇన్నాళ్ళూ సొరుగులో కత్తెర పక్కన పడుకునుంది పాపం. ఆ తర్వాత బ్లేడు. మొదటి రెండూ పోయాయి, చెక్క పీచు ఎటు లాగితే నా బ్లేడు అటు పోయింది. పీచుకి ఎదురెళ్ళకూడదని మూడోదానికి తెలిసింది. గుడ్డకీ అంతే కదా, నేత వాలు చూడకుండా కోస్తే ఉతికాక మెలి తిరుగుతుంది. ఆ తర్వాత చెయ్యి దారిలో పడింది.

ఒక్కోదాని మీద సుద్దతో అంకె వేశాను. కుడికి పక్కన చుక్క, ఎడమకి గీత. మీరు తికమక పడకుండా.

ఇప్పుడు నా చెయ్యి ఖాళీగా ఉంది, అది బాగాలేదు. ఇంకేమైనా కొయ్యాలంటే పంపండి. తోక ఉంటుంది కదా దీనికి? తోక ఎవరు కోస్తున్నారు? నాకు చెప్పకుండా మీరే కోసేస్తే మాటల్లేవు.

మీ బావ

నాన్నా, ఈ కింది ఖాళీలో నేను రాస్తున్నాను. మామయ్యగారు బ్లేడు పట్టుకుని ఈల వేస్తున్నారు. అత్తయ్య టీవీ కట్టేసి మరీ వింటున్నారు. మీ అల్లుడు దుకాణం నుంచి వచ్చి గుమ్మంలోనే కాసేపు నిలబడిపోయారు.


కళ్ళద్దాల దుకాణం, వెనక గది

గౌరవనీయులైన, పూజ్యులైన బావగారికి,

పక్కటెముకలు భద్రంగా అందినవి. వాటిని గురించి నా అభిప్రాయాలు సవినయంగా:

1. అంచులు మిక్కిలి నున్నగా ఉన్నవి.
2. పీచు దిశ ఒక్కచోట కూడా తప్పలేదు.
3. సుద్ద అంకెలు ముత్యాల వలె ఉన్నవి.
4. అస్తరు పరచిన అట్టపెట్టె ప్రశంసనీయం.

సర్వవిధాలా తృప్తి కలిగినది. తోక చిత్రాలు త్వరలోనే పంపగలను. మీ శ్రమకు కృతజ్ఞతలు ఎంత చెప్పినా తక్కువే.

ఇట్లు, సదా మీ శ్రేయోభిలాషి,
మీ బావ


మేడ మీద గది

చిట్టితల్లికి,

ఇది నీ ఆఫీసు చిరునామాకు పంపుతున్నాను. ఇంట్లో చదవవద్దు. భయపడవలసినదేమీ లేదు.

మీ మామయ్యగారు కోసిన పక్కటెముకలన్నీ పెద్దవి. ఒకటీ రెండూ కాదు, అన్నీ. అన్నివైపులా ఒక అగ్గిపుల్ల మందం. మొదట నా కొలబద్దనే అనుమానించాను. తరువాత వీపు గాటులో బద్ద పెట్టి చూస్తే అది లోపలికి మునిగిపోయింది. గాటు అడుగు నేను గీసిన చోటే ఉంది, చుట్టూ అంచు మాత్రమే బయటికి జరిగింది. అప్పుడు అర్థమయింది. ఆయన నా కాగితాన్ని నమూనాగా కత్తిరించుకుని, చెక్క మీద పెట్టి, దర్జీ చెయ్యి కదా, చుట్టూ కుట్టుకు వదిలారు. గుడ్డ అయితే కుట్టులోకి పోతుంది. చెక్క ఎక్కడికి పోతుంది?

పెద్ద పక్కటెముకలకు ఇది కొంచెం ఒళ్ళు చేసినట్టు. కొసన ఉన్న చిన్నవాటికి అదే అగ్గిపుల్ల చాలా పెద్ద లెక్క. చంటిపిల్లకు తండ్రి కోటు తొడిగినట్టుంది. ముక్కులన్నీ మొద్దుబారాయి. గీత నాది కాదిప్పుడు.

మళ్ళీ కోసుకోవడానికి చెక్క ఉంది. కాని ఒక్క కోటు దగ్గర చెయ్యి తప్పినందుకే ఆయన కత్తెర సొరుగులో పెట్టారు. ఇప్పుడిప్పుడే బయటికి తీశారు, ఈల వేస్తున్నారని నువ్వే రాశావు. మొత్తం జత తప్పిందని నేను చెబితే ఆ కత్తెర మళ్ళీ బయటికి రాదు. చెప్పకుండా వేరే జత కోసి అతికిద్దామా అంటే, మైదానానికి వస్తారు, తన సుద్ద అంకెలు కనబడకపోతే పట్టేస్తారు. అందుకని వీటితోనే రెక్క కడుతున్నాను. మునిగిన బద్దల మీద పలుచని బద్ద ఇంకొకటేసి అంటించి ఎత్తు సరిచేశాను.

నా గీత గాలిలో నిలుస్తుందో లేదో ఈసారికి తెలియదు. అది కొంచెం బాధే. పెద్ద బాధ కాదు. గీత ఎక్కడికీ పోదు, కాగితం మీద ఉంటుంది.

నువ్వు ఏమీ చెప్పవద్దు. అల్లుడుగారికి కూడా.

నాన్న


ఇల్లు, భోజనాల బల్ల

బావగారూ,

మీ ఉత్తరం చదివాను. మా ఆవిడ కూడా చదివింది. చదివి, "ఏమైందండీ, బావగారికి ఒంట్లో బాలేదా" అంది.

కొత్త కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడిన గిరాకీ నాలుగు రకాలు. ఒకడు తిడతాడు. ఒకడు మెచ్చుకుంటాడు. ఒకడు మాట్లాడకుండా డబ్బులిచ్చి పోతాడు. నాలుగోవాడు ఉన్నాడు చూశారూ, "బట్ట బాగుంది మాస్టారూ, బొత్తాలు బాగున్నాయి, కుట్టు సన్నగా ఉంది, సంచీ కూడా బాగుంది" అంటాడు. అంటే అర్థం, చంకలో పడుతోందని. మీరు అట్టపెట్టెని కూడా మెచ్చుకున్నారు బావగారూ. సరిపోయాయి అన్న ఒక్క మాట రాయలేదు.

అందుకని కోసిన చెక్క పలకలు వెతికాను. అదృష్టం, మా ఆవిడ పొయ్యిలో పెట్టలేదు. పక్కటెముకలు ఊడిన చోట్ల కన్నాలున్నాయి కదా, మీ కాగితం నమూనా తీసి ఒక కన్నంలో పెట్టాను. గిలక్కాయలో గింజలా ఆడింది. ఇంకోదాంట్లో పెట్టాను. అదీ ఆడింది. తర్వాత నవ్వొచ్చింది. ఎంత నవ్వానంటే మా ఆవిడ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చేసింది. కుట్టుకు వదిలానండీ! చెక్కకి! ఇంత చిన్నదానికి ఎక్కువ వదలకూడదని బాగా ఆలోచించి మరీ తక్కువ వదిలాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

నవ్వాక కోపం వచ్చింది. నా మీద కాదు.

ఆ కోటు సంగతి మీకు సగమే చెప్పాను. మిగతా సగం వినండి. కోటు చెడగొట్టినందుకు కత్తెర మానేసేవాణ్ణయితే నా పెళ్ళికి ముందే మానేసేవాణ్ణి. చెడని చెయ్యి ఉంటుందా? జరిగిందేమిటంటే, నేను తప్పు కోసిన సంగతి మీ అల్లుడు చూశాడు. నాకు చెప్పలేదు. అదే గుడ్డ మళ్ళీ తెచ్చి, వేరేవాడితో కోయించి, కుట్టించి, నా పేరు పట్టీ వేసి ఇచ్చేశాడు. తర్వాత ఒకరోజు ఆ గిరాకీ దారిలో ఎదురై, "రెండోసారి మహా కుదిరింది మాస్టారూ" అన్నాడు. రెండోసారేమిటో నాకు తెలీదు. తల ఊపి ఇంటికొచ్చేశాను, తర్వాత దుకాణంలో పనివాణ్ణి అడిగితే అంతా బయటపడింది. వాడు నా మీద ప్రేమతోనే చేశాడు, నాకు తెలుసు. కానీ ఆరోజు నుంచి నేను ఏది కోసినా, ఇది నేను కోసిందేనా, వెనకాల ఎవరైనా మార్చేశారా అన్న అనుమానం. ఆ అనుమానంతో ఎవడు కోస్తాడు? అందుకే సొరుగు.

మీరూ అదే పని చేశారు. మీరు మంచివారు కాబట్టి చేశారు. మంచివాళ్ళందరూ కలిసి నన్ను కుర్చీలో కూర్చోబెడుతున్నారు.

నిన్న మా వాణ్ణి పిలిచి కోటు సంగతి నాకు తెలుసని చెప్పేశాను. వాడేమో, "నాన్నా, అసలు నీ వీపు కోతే బాగుంది, భుజం దగ్గరే పోయింది" అన్నాడు. భుజం ఎక్కడ పోయిందో చూపించమన్నాను. ఇద్దరం గుడ్డ పరుచుకుని కూర్చున్నాం. వాడిదీ తప్పే, నాదీ తప్పే అని తేలింది.

ఇప్పుడు మీ వంతు. నా పక్కటెముకల్లో తప్పులు రాసి పంపండి. అంకెలేసి రాయండి, మీకు అది సరదా కదా. ఆ "పూజ్యులైన" తీసెయ్యండి. ఉక్కపోస్తోంది.

మీ బావ


మేడ మీద గది

బావగారికి,

మీ ఆజ్ఞ ప్రకారం రెండు విశేషణాలూ తొలగించాను.

మీ ఉత్తరం మా ఆవిడకు చదివి వినిపించాను. పూర్తిగా విని, "నేను మొదటే అన్నాను" అన్నది. ఏమన్నదో అడగలేదు. చాలా సంగతులు అన్నది కాబట్టి అందులో ఇదీ ఉండే ఉంటుంది.

తప్పులు:

1. అన్ని పక్కటెముకలూ చుట్టూ అగ్గిపుల్ల మందం పెద్దవి.
2. అందువల్ల బద్దలు గాట్లలో మునిగిపోయాయి.
3. ముక్కులు మొద్దుబారాయి. కొసన మరీను.
4. అంకె ఏడు వేసిన ఎడమ పక్కటెముక మిగతావాటికంటే పొట్టి. ఇది కుట్టుకు వదిలినందువల్ల కాదు. ఆ సమయంలో ఈల వేస్తూ ఉండి ఉంటారు.
5. ఇది మీది కాదు, నాది. "గీత మీదనే కోయవలెను" అని చిత్రం మీద ఎక్కడా రాయలేదు. మా పనిలో గీత దాటితే అద్దం చట్రంలో పట్టదు. గీత అంటే గీతే. మీ పనిలో గీత అంటే కుట్టు పడే చోటని, కోత దానికి అవతలని నాకు తట్టి ఉండవలసింది. రోజూ చొక్కా తొడుక్కుంటాను, ఒక్కనాడూ తిరగేసి చూడలేదు.

మీకు చెప్పకపోవడం ఆరవది. దాన్ని గురించి మీరే చక్కగా రాశారు, నేను కలపగలిగినది లేదు.

ఇప్పుడు ఇబ్బంది ఏమిటంటే, రెక్క అతికించడం, పైన కాగితం కప్పడం అన్నీ అయిపోయాయి. అరగదీయడానికి వీలు లేదు. తోకకు ఈసారికి నా పాత విమానానిదే తగిలించాను, మీ కోత మీకే ఉంచాను. గద్దకు చూపించాను. అటు తిప్పి ఇటు తిప్పి, "దీనికి ఒళ్ళొచ్చింది, పథ్యం పెట్టండి" అన్నాడు. ఎగురుతుందా అంటే, "ఎగరొచ్చు. పరిగెత్తదు" అన్నాడు.

వానలు వెనకబట్టాయి. వచ్చే సెలవురోజున వదులుతున్నాం. ఎగిరినా పడినా మీరు చూడాలి. పడితే ఏ తప్పు వల్ల పడిందో ఇద్దరం అక్కడే తేల్చుకోవచ్చు.

మీ బావ


ఇల్లు, భోజనాల బల్ల

బావా,

గారు కూడా తీసేశాను, మీరూ తీసేస్తే సంతోషం, తియ్యలేకపోతే ఉంచుకోండి.

క్షేమంగా చేరాం. దారిపొడుగునా మా ఆవిడ కిటికీలోంచి మేఘాలు చూస్తూ, "అదుగో, మీ రెక్కలాంటిది" అంటూనే ఉంది. లావుగా ఉన్న ప్రతి మేఘమూ నా రెక్కే.

ఆ పొద్దున మీరు జాబితా చదువుతుంటే నాకు చాలా భయమేసింది. మరలు బిగించామా, తోక కదులుతోందా, గాలి ఎటునుంచి, బ్యాటరీ నిండిందా. చదివిందే మళ్ళీ చదివారు. గాలికే విసుగొచ్చి ఆగిపోయింది. గద్ద, "మాస్టారూ, విసరండి, లేకపోతే మీ బావగారు మూడోసారి మొదలెడతారు" అని నా చేతికిచ్చాడు. నేను విసరడమేంటి? కానీ చేతిలోకి వచ్చాక అది కదులుతోంది బావా, గాలికి పైకి లాగుతోంది. పాప చెయ్యి పట్టుకుని లాగినట్టు. విసరలేదు నేను, ఊరికే వదిలాను. వెళ్ళిపోయింది.

మీరు ఏం చూశారో నాకు తెలీదు, మీరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు. నేను మాత్రం ప్రతి వంపూ చూశాను. పెళ్ళికి పిలవని చుట్టంలా నెమ్మదిగా, మొహమాటంగా వెళ్ళింది. ఎదురుగాలికి తిరిగేసరికి గాల్లో నిలబడిపోయింది. "ఇది విమానం కాదు, గొడుగు" అన్నాడు గద్ద. తర్వాత పరీక్షకని మోటారు ఆపేసి, ముక్కు పైకెత్తి, ఇంకా ఎత్తి, ఇప్పుడు ఒక పక్కకి పడాలి అన్నాడు. పడలేదు. తల వంచి, కాస్త కిందికి దిగి, మళ్ళీ సర్దుకుంది. కొసన లావుండబట్టే పడలేదని మీరన్నారు. అలా అన్నందుకు నేను పొంగిపోతానని భయపడి, వెంటనే వేగం లేకపోవడానికీ అదే కారణమన్నారు. రెండూ విన్నాను. రెండోసారి ఎగరేసినప్పుడు గాలి లేచి దాన్ని మన మీంచి దాటించి బురదలో పడేసిందే, అదీ ఆ లావు వల్లేనని మీరనకముందే నేనే అన్నాను.

ఇక పని మాట. మీరక్కడ చేతికిచ్చిన చెక్కతో రెండు రెక్కలకీ పక్కటెముకలు మళ్ళీ కోసి ఇందుతో పంపుతున్నాను. గీత మీదే కోశాను. ఏమీ వదలకుండా కొయ్యడం ఎలా ఉంటుందో మీకు తెలీదు, మెట్లు లేని మేడ దిగినట్టుంది. ప్రతిదాన్నీ కన్నంలో నమూనా పెట్టి చూశాను. ఆడలేదు. మీ గీతని మీ గీతలాగే ఎగరేసి చూడండి.

కింద ఇంకో కాగితం ఉంది చూడండి. అది నేను గీసింది. వెదురు పుల్ల దొరక్క కొలత టేపు నిలబెట్టి వంచాను. గుండుసూదులకి మాత్రం మా ఇంట్లో కొదవ లేదు. మా వాడు చూసి బాగుందన్నాడు. వాడి మాట నమ్మను. మా ఆవిడ చూసి పడవలా ఉందంది. కొంచెం నమ్మాను. మీరు చెప్పండి.

మీ బావ


కళ్ళద్దాల దుకాణం, వెనక గది

బావగారికి,

"గారు" తీయడానికి రెండు కాగితాలు పాడుచేశాను. చేతకాలేదు. ఉంచుకుంటున్నాను.

పక్కటెముకలు అందాయి. కొలిచాను. సరిపోయాయి. ఏడు కూడా.

మీ గీత గురించి. దుకాణంలో అద్దాలు చూసే దీపం కింద పెట్టి, మధ్యాహ్నమంతా దానితోనే ఉన్నాను. ఒక గిరాకీ చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడట, పనివాడు చెప్పాడు. ఉన్న మాట చెబుతున్నాను. ఈ గీతతో చేసిన రెక్క ఎగరదు. కారణాలు:

1. ముక్కు కాలరు కొసలా సూదిగా ఉంది. గాలి అక్కడ చీలిపోతుంది, వీపు పట్టుకుని పారదు.
2. వీపు ఎత్తు సరిగ్గా నడిమధ్యన పెట్టారు. ముందునుంచి మూడోవంతు దగ్గర ఉండాలి. అక్కయ్యగారు పడవ అన్నది ఇందుకే. ఆవిడ మాట పూర్తిగా నమ్మవలసింది.
3. కడుపు తోక దగ్గర కిందికి జారింది. కొలత టేపు మెత్తన, సూదుల మధ్య నిలవక జారి ఉంటుంది. వెదురు పుల్ల పంపుతున్నాను.
4. కుడి రెక్కకు ఒకటి, ఎడమకు ఒకటి వేరువేరుగా గీశారు. చొక్కా చేతులకు ఆ అవసరం ఉందేమో గాని, పక్కటెముకను బోర్లా తిప్పితే రెండో వైపుది అవుతుంది. కుడిదీ ఎడమదీ ఒకటి కాలేదు కూడా. ఎడమది మెరుగు.
5. వీపు వెనక సగం, అంటే ఎత్తు తగ్గుతూ తోకలోకి దిగే చోటు, నేను గీయగలిగే దానికంటే నునుపుగా ఉంది. ఇది తప్పు కాదు. ఎలా చేశారో తెలియక జాబితాలో పెట్టాను. రాయగలరు.

మొదటి మూడూ దిద్దేదాకా చెక్క పంపను. ముందు ముక్కు చూడండి. ముక్కు కుదిరితే తక్కినవి దాని వెంట వస్తాయి. కోపం వస్తే రబ్బరు మీద చూపించండి, పెన్సిలు మీద వద్దు.

మీ బావ